మూడడుగుల జెర్రిపోతులు

బ్రేక్!

కంకర రోడ్డు మీద ట్రక్కు పక్కకి జారుతుంది. డెల్ఫియా స్టీరింగ్ వదలదు. ముందు దుమ్ములో తెల్ల వ్యాన్... అందులో ఆమె పాములు. నలభై జెర్రిపోతులు!

మిట్టమధ్యాహ్నం. కెంటకీలో ఆగస్టు ఎండ. మూసిన వ్యాన్‌లో ఇంకో అరగంట ఉంటే ఒక్కటీ బతకదు.

అడవిలో ఆ జాతి ఆరడుగులు పెరుగుతుంది. డెల్ఫియావి మూడడుగుల దగ్గర ఆగిపోతాయి. ప్రతి ఈతలోనూ చిన్నవాటిని ఏరి, వాటినే జతకట్టించింది. తొమ్మిదేళ్లు! భర్త పోయాక ఆమెకి మిగిలింది ఆ పని ఒక్కటే. పాము పిల్లల్ని ఎక్కడెక్కడి వాళ్లో కొనుక్కెళ్లారు. తమ దగ్గర పెద్దవయ్యాయని ఇద్దరు ముగ్గురు రాస్తే, మితిమీరి మేపారని ఆమే కోప్పడింది. రేపు ఒక జూ వాళ్లు చూసి తీసుకెళ్లడానికి వస్తామన్నారు.

ఇవాళ షెడ్డు తాళం పగిలి ఉంది; ఎవరిదో తెల్ల వ్యాన్ గేటు దాటుతోంది. పోలీసులకి ఫోన్ చేసి, తుపాకీ పట్టుకుని బయల్దేరింది.

వాగు మీద వంతెన లేదు. మొన్నటి వరదకి కొట్టుకుపోయింది. వ్యాన్ ఆగుతుంది.

డ్రైవర్ దిగుతాడు. డెల్ఫియా కూడా దిగి తుపాకీ ఎత్తుతుంది... వెంటనే దించేస్తుంది.

ఆరిన్! ఆమె తమ్ముడు. తొమ్మిదేళ్లుగా ఆ పాములకి ఎలుకలు వేసేది అతనే.

"ఎవరికి అమ్మావురా?"

"ఎవరికీ కాదక్కా. కొండల్లో వదిలేద్దామని."

"ఎందుకు?"

అతను వ్యాన్‌లోకి వంగుతాడు. సీటు మీది సంచి తీసి మూతి విప్పుతాడు. నల్లటి పాము బయటికి జారుతుంది... జారుతూనే ఉంటుంది.

ఆరడుగులు!

అదీ ఆమె మొదటి ఈతలోదేనంటాడు. తన ఇంట్లో దాచి, కడుపునిండా మేపాడట.

"మిగతావాటికి సగమే వేశాను. మొదట్లో అవి పెద్దవవుతుంటే దిగులుతో నువ్వే తిండి మానేశావక్కా. చూడలేకపోయాను. తర్వాత ఆపడం నా చేతకాలేదు. రేపు జూ వాళ్లు తీసుకెళ్లి మేపితే నిజం బయటపడుతుందని..."

తొమ్మిదేళ్లు.

జాతి కాదు... ఆకలి!

ఆమె పరిగెత్తి వ్యాన్ తలుపులు బార్లా తెరుస్తుంది. పెట్టెల్లో సన్నటి ఒళ్లు మెల్లగా కదులుతాయి. అక్కడే కూలబడుతుంది.

సైరన్!

పోలీసు దిగి, దొంగ ఇతనేనా అని అడుగుతాడు.

డెల్ఫియా తుపాకీ నేల మీద పెట్టి లేస్తుంది.

"దొంగతనం జరగలేదు. నేనే పంపించాను. వీటిని ఆకలితో మాడ్చి, పొట్టి జాతి అని అమ్మింది నేనే. వీడికేం తెలీదు."

ఆరిన్ ఏదో అనబోతాడు.

"నోర్ముయ్," అంటుంది, పోలీసు ముందు బేడీలకి చేతులు చాపుతూ.