కంకణం కట్టిన చెయ్యి

ఫిబ్రవరి పదో తేదీ పొద్దున్న బర్మాలోని ఆ తెలుగింట్లో అందరూ మోహింగా తిన్నారు. సన్న సేమ్యా మీద చేపల పులుసు పోసే ఆ ఫలహారం సూరికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. రెండోసారి గిన్నె చాచిన భర్తని చూసి మల్లిక నవ్వుకుంది. హెరాయిన్‌లో పడ్డాక అతనికి ఆకలన్నదే లేకుండా పోయింది. ఏడాదిగా రోజూ క్లినిక్‌కి వెళ్లి, నర్సు ఎదుట హెరాయిన్ మాన్పించే మెథడోన్ సిరప్ తాగి, అట్నుంచి అటే తామ్వే పేటలో ఫోన్లు బాగుచేసే కొట్టుకి పోతున్నాడు. ఆకలి తిరిగొచ్చింది.

"రేపట్నించి నీసు బందు. బాగా తినేయండి," అన్నాడు మామగారు బుల్లియ్య.

కొడుకు బాగుపడుతున్నాడని అమ్మవారికి మొక్కుకున్నాడాయన. మర్నాడు గుళ్లో తండ్రీకొడుకులిద్దరికీ పసుపు కంకణాలు కడతారు. అమ్మవారి పండగనాడు ఇద్దరూ నిప్పులు తొక్కుతారు.

"ఆ సిరప్పు కూడా బందేరా."

సూరి గిన్నె కింద పెట్టాడు. "డాక్టరమ్మ ఆపొద్దంది నానా."

"మత్తుకి బదులు మత్తు తాగితే బాగవడమేట్రా? కంకణం చేత్తో అది ముట్టుకుంటే అమ్మోరు ఊరుకుంటదా?"

"మావయ్యా..." అంటూ మల్లిక అడ్డొచ్చింది.

"నువ్వుండమ్మా."

నాలుగు రోజులు తిరక్కుండా సూరికి ఒళ్లు విరుచుకుపోయింది. చెమటలు, వాంతులు. బుల్లియ్య గదికి బయట తాళం వేసి, గుమ్మం ముందే చాప పరుచుకున్నాడు. "విషం దిగుతోంది నాయనా, ఓర్చుకో," అంటూ కిటికీలోంచి మజ్జిగ అందించాడు. కొడుకు ఏడిస్తే తనూ ఏడ్చాడు గానీ తాళం తియ్యలేదు.

పండగ నాటికి సూరి లేచి నిలబడ్డాడు. నిప్పులు తొక్కాడు. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో తెలిసినవాళ్లంతా బుల్లియ్య భుజం తట్టారు.

కంకణాలు విప్పిన వారంలోనే సూరి స్నానాలగదిలో పడివున్నాడు, పెదాలు నీలంగా. పక్కవాటాలో ఉండే బర్మా ఆవిడ డా ఖిన్ రోడ్డు మీదికి పరిగెత్తి టాక్సీ ఆపింది. ఆసుపత్రిలో ఊపిరి నిలబెట్టారు. "సిరప్ మానేసిన ఒంటికి హెరాయిన్‌ని తట్టుకునే శక్తి పోతుంది. ఒకప్పటి మోతాదే ప్రాణం తీస్తుంది. ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ అడిగితే బుల్లియ్య నేల చూశాడు.

సూరి ఇంటికొచ్చాక మాత్రం బుల్లియ్య ఉండబట్టలేకపోయాడు. "నిప్పులు తొక్కినోడికి ఈ బుద్దేటమ్మా? ఊళ్లో తలెలా ఎత్తుకోను?"

మల్లిక చేతిలోని చెంబు ఠక్కున కింద పెట్టింది.

"దీక్షలో మీ షుగరు మాత్ర మానేసేరా మావయ్యా?"

"అదేం మాట?"

"సెప్పండి. రోజూ నీళ్లిచ్చింది నేనే గదా. కంకణం చేత్తోనే మింగేరు."

"అది జబ్బమ్మా."

"మరి ఈయనకున్నదేటి?"

బుల్లియ్య తన చేతికేసి చూసుకున్నాడు. మణికట్టు మీద పసుపు మరక ఇంకా పోలేదు.

"పూజారి గారినైనా అడిగేరా? నిన్న నేనడిగేను. డాక్టరిచ్చింది మానమని అమ్మోరు ఎప్పుడందమ్మా అన్నారు." ఆమె సూరి గది తలుపుకేసి చూసింది. "మీరు కాపలా కాసింది కొడుకుని కాదు మావయ్యా, మొక్కుని."

చీకటి పడ్డాక డా ఖిన్ జావ తెచ్చి, ఏమీ అడక్కుండా గిన్నె ఇచ్చి వెళ్లింది. బుల్లియ్య అది పట్టుకుని కొడుకు మంచం దగ్గరికి వెళ్లాడు.

"రేపు క్లినిక్‌కి నేనూ వస్తాన్రా."

సూరి గోడవైపు తిరిగాడు. "తాళం ఏసిన రోజు నీ కాళ్లట్టుకున్నాను నానా."

బుల్లియ్య మంచం చివర కూర్చుని కొడుకు పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకున్నాడు. అరికాళ్లలో నిప్పుల మచ్చలు గరుగ్గా తగిలాయి. సూరి కాళ్లు లాక్కోలేదు.

గోడవైపు నుంచే అన్నాడు. "పొద్దున్న ముందు నీ మాత్ర ఏసుకో. మర్చిపోతావు. అప్పుడెల్దాం."

బుల్లియ్య కళ్లు తుడుచుకుని బయటికొచ్చాడు. గడియకి ఇంకా వేలాడుతున్న తాళాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేశాడు.