ఐదువందల పన్నెండు చాలు

"వన్ టీబీది ఇవ్వండి" అంది ఆ అమ్మాయి, షాపులో రెండో అడుగు పడకముందే.

"ఏం ఆటలు ఆడుతరు మేడం?" అన్నాడు బాలరాజ్, కౌంటర్ మీదున్న తెల్ల కాగితాన్ని ఆమె వైపు జరుపుతూ.

"అది మీకెందుకండీ? కొనేది నేను."

"అవ్, మీరే. కానీ ముందుగాల ఆటల పేర్లు రాయాలె. గవి చూసినంకనే ఎంత జాగ ఉన్న డబ్బా కావాల్నో చెప్త."

"నేను అడిగింది గేమ్ కన్సోల్ అండీ. రేషన్ కార్డు కాదు."

బాలరాజ్ నవ్వలేదు. పెన్ను మూత తీసి కాగితం మీద పెట్టాడు.

ఇబ్రహీంపట్నం బస్టాండు దాటాక సాగర్ రోడ్డు మీద ఉంటుంది జంగమ్మ ఎలక్ట్రానిక్స్. జంగమ్మ బాలరాజ్ తల్లి. తండ్రి సోమయ్య పెద్దచెరువులో చేపలు పట్టి మార్కెట్లో అమ్ముతాడు. ముప్పై ఏళ్లుగా తూకం దగ్గర ఒక్క మాట పడని మనిషి. ఆ పట్టుదల కొడుక్కీ వచ్చింది. ఆటల పేర్లు రాయించుకోకుండా, వాటి సైజులు కూడకుండా బాలరాజ్ ఎవరికీ కన్సోల్ అమ్మడు. దీనివల్ల పోయిన బేరాలు చాలానే ఉన్నాయి. కానీ యాచారం నుంచి కూడా జనం వెతుక్కుంటూ ఇక్కడికే వస్తారు, బాలరాజ్ అవసరానికి మించి అంటగట్టడని.

ఆ అమ్మాయి విసుక్కుంటూనే రాసింది. క్రికెట్. క్యారమ్స్. కార్ల రేసు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

"మా నాన్నగారికండీ. మోకాలి ఆపరేషన్ అయింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక మా అమ్మ ప్రాణం తోడేస్తున్నారు."

బాలరాజ్ కూడాడు. మొత్తం నూట యాభై జీబీ చిల్లర.

"ఐదువందల పన్నెండు చాలు మేడం. సిస్టం వాటా పోను మూడువందల అరవై దాంక మిగుల్తది. ఇంకా సగం జాగ ఖాళీగనే ఉంటది."

"ఎక్కువుంటే తప్పేంటి?"

"ఇట్ల సూడుండ్రి. చెరువుల నీళ్లెన్ని ఉన్నయో చూసి చేపపిల్లలను ఇడుస్తరు. జర నీళ్లల్ల మస్తు పిల్లలనిడిస్తే చస్తయ్. నిండు చెరువుల నాలుగు పిల్లలనిడిస్తే దండుగ. జీబీ అంటే గా నీళ్లన్నట్టు. సమజైందా?"

ఆమె బుగ్గ లోపల నవ్వు దాచుకుని, బుద్ధిగా తలూపింది.

"అయిందండీ. చాలా బాగా చెప్పారు."

బిల్లు మీద పేరు శ్రీలేఖ, ఊరు బడంగ్‌పేట్ అని రాసుకున్నాడు. ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. ఇక్కడే ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో పని చేస్తుందట. ఆఫీసులో కాబోలు అనుకున్నాడు.

రెండు వారాలు తిరగ్గానే, శనివారం మధ్యాహ్నం, కాలేజీ అయ్యాక శ్రీలేఖ మళ్లీ వచ్చింది. కన్సోల్ భుజానున్న బ్యాగులో ఉంది.

"చాలన్నారుగా! నిండిపోయింది."

బాలరాజ్ ముఖం పాలిపోయింది. లెక్క తప్పడం అతనికి కొత్త. షాపులో ఉన్న టీవీకి తగిలించి చూశాడు. నిజమే. గుర్రాల ఆట, రాక్షసుల ఆట, విమానాలు, ఫుట్‌బాల్, రెండు రకాల కుస్తీలు.

"మీ నాయిన మస్తు ఆడుతున్నడు గదా!"

"ఏం చెప్పమంటారు, వద్దన్నా దించుతూనే ఉంటారు" అంది శ్రీలేఖ, గోడ మీది క్యాలెండర్ చూస్తూ.

ఆట మీదికి వెళ్లి, ఏ బటన్ నొక్కి, ఏది తీసేయాలో బాలరాజ్ చూపించాడు. రెండే రెండు నొక్కుళ్లు. ఆమె శ్రద్ధగా విని, మళ్లీ చెప్పమంది. అతను మళ్లీ చెప్పాడు.

తర్వాతి శనివారం మళ్లీ బ్యాగుతో దిగింది. మర్చిపోయిందట.

ఆ తర్వాతి శనివారమూ అంతే. ఇంకో మనిషైతే ఈపాటికి అనుమానించేవాడు. బాలరాజ్‌కు అంత తీరిక లేదు. ఆమె వచ్చే వేళకు టీ చెప్పి ఉంచడం, స్టూలు తుడవడం, గుర్రాల ఆట తీసేయాలా కుస్తీ తీసేయాలా అని ఆమెతో పోట్లాడటంలోనే గంట గడిచిపోయేది.

"కుస్తీ ఉంచండి. పాపం, ఆయన ఎంత బలమైనవాడో చూడండి."

"బలమేమో గానీ తొంభై జీబీలున్నడు మేడం."

శ్రీలేఖ నవ్వితే ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. అది చూడటానికి శుక్రవారం నుంచే అతని ప్రాణం కొట్టుకునేది. ఆమె అంటే తనకు ఇష్టమని మూడో శనివారానికే తెలిసిపోయింది. బిల్లు పుస్తకంలో నంబరుంది. కానీ బిల్లు కోసం ఇచ్చిన నంబరుకు వేరే మాట మాట్లాడటానికి ఫోన్ చేయడం తప్పు కదా. అందుకే చేయలేదు.

అంత నీతిమంతుడూ చేసిన పాడు పని ఒకటుంది. ఈ కన్సోల్ వెనక గుచ్చే మెమరీ కార్డు ఒకటి దొరుకుతుంది. అగ్గిపెట్టెకు సగం ఉంటుంది. అది పెడితే టీబీ జాగా అదనంగా వస్తుంది, ఇంకే ఆటా తీసేయనక్కర్లేదు. కౌంటర్ వెనక కొక్కేనికి ఒకటి వేలాడుతూనే ఉండేది. మూడో శనివారం శ్రీలేఖ బస్సు దిగడం చూసి, బాలరాజ్ దాన్ని గబుక్కున తీసి సొరుగులో బిల్లు పుస్తకాల కింద దాచేశాడు. ఇది అమ్మితే ఆమె ఇక రాదు. ఆమె రాని శనివారాన్ని అతను ఊహించుకోలేకపోయాడు.

ఆరో శనివారం వాన పడింది. శ్రీలేఖ తల తడిసి, చున్నీతో ముంగురులు ఒత్తుకుంటూ వచ్చి కూర్చుంది. బాలరాజ్ రిమోట్ చేతిలో పట్టుకుని చూడాల్సిన టీవీని వదిలేసి ఆ ముంగురులను చూశాడు. ఏదో నొక్కాడు. ఏది పోయిందో ఇద్దరూ గమనించలేదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర సోమయ్య అడిగాడు.

"బడంగ్‌పేట పిల్ల వారం వారం ఎందుకొస్తుందిరా? సామాను ఖరాబైందా?"

"లేదు బాపు. దాంట్ల జాగ సాల్తలేదు."

"మరి దానికేం మందు లేదా?"

"ఉన్నది. చిన్న కార్డు పెడితే అయిపోతది."

"గది మనకాడ లేదా?"

బాలరాజ్ చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. "ఉన్నది" అన్నాడు చివరికి.

సోమయ్య నీళ్ల చెంబు కింద పెట్టాడు.

"తక్కెడ కింద చింతపండు అంటించుడు ఎప్పుడు నేర్చినవ్‌రా?"

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. బాలరాజ్ కంచం పక్కకు జరిపాడు. వచ్చే శనివారం నిజం చెప్పేయాలి. ఆమె కోప్పడుతుంది. మళ్లీ రాదు. రాకపోయినా సరే, చెప్పాల్సిందే అనుకున్నాడు.

శనివారం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. మర్నాడు, ఆదివారం పదింటికి, షాపు ముందు ఆటో ఆగింది. చేతికర్ర, దాని వెనక పంచె, దాని వెనక ఒక పెద్దాయన దిగారు. చంకలో కన్సోల్.

"బాలరాజ్ అంటే నువ్వేనా?"

"అవ్ సార్."

"నేను పట్టాభిరామయ్యను. శ్రీలేఖ నాన్నను. నా క్రికెట్ ఏదయ్యా?"

నిన్న వానలో పోయింది అదన్నమాట.

"సెమీఫైనల్! కాలు చాపుకుని, నొప్పి ఓర్చుకుని, సెమీఫైనల్ దాకా లాక్కొచ్చాను. పొద్దున్న చూస్తే ఆటే లేదు!"

"మళ్ల దించితే ఆడికెల్లే మొదలైతది సార్, మీ స్కోరు యాడికీ పోదు. తప్పు నాదే. కూసోండ్రి." స్టూలు వేసి, డౌన్‌లోడ్ పెట్టి, బాలరాజ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంకో తప్పు గూడ ఉన్నది. మేడంకు చెప్దామనుకున్న. మీకే చెప్త."

సొరుగు లాగి కార్డు తీసి ఆయన ముందు పెట్టాడు.

"గిది పెడితే ఏ ఆట తీసేసే పని లేదు. మూడు వారాల సంది దాచిపెట్టిన."

"ఎందుకూ?"

"పెడితే మేడం మళ్ల రాదని."

పట్టాభిరామయ్య కళ్లజోడు సవరించుకున్నారు. కోప్పడతారేమోనని బాలరాజ్ తల వంచుకున్నాడు. ఆయన మాత్రం కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, లాల్చీ జేబులోంచి ఇంకో కార్డు తీసి దాని పక్కన పెట్టారు. అచ్చం అలాంటిదే. సీలు కూడా విప్పలేదు.

"రిమోట్ బ్యాటరీల కోసం వెతుకుతుంటే మా అమ్మాయి సొరుగులో దొరికింది. దీనికి సంబంధించిందేనేమో అడుగుదామని తెచ్చాను."

దాంతో పాటే బిల్లుంది. నగరంలో ఏదో షాపుది. తేదీ చూస్తే, ఆమె నిండిపోయిందని మొదటిసారి వచ్చిన మర్నాడే కొన్నది.

"మేడంకు పెట్టుడు రాలేదేమో సార్."

"ఎవరికి, మా శ్రీలేఖకా? కంప్యూటర్ లెక్చరర్‌రా నాయనా అది! ఈ మెమరీలూ డిస్కులూ సెకండియర్ పిల్లలకు పాఠం చెప్పేదే అది."

జీబీ అంటే గా నీళ్లన్నట్టు, సమజైందా, అని తాను అడిగింది బాలరాజ్‌కు గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి.

"మరి గా ఆటలన్ని మీరే దించుతున్నరని..."

"నేనా? నాకు క్రికెట్ చాలయ్యా. శుక్రవారం వచ్చిందంటే అదే కూర్చుని ఏవేవో దించుతుంది. ఒక్కటీ ఆడదు. శనివారం పొద్దున్నే మూట కట్టుకుని పోతుంది." మాట మధ్యలో ఆయన ఆగారు. ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి కొత్తగా, పై నుంచి కింది దాకా చూశారు. "ఓహో" అన్నారు.

అప్పుడే ఇంకో ఆటో ఆగింది. శ్రీలేఖ పరుగున లోపలికొచ్చింది.

"నాన్నా! చెప్పకుండా ఇంత దూరం... అమ్మ ఎంత కంగారుపడు..."

కౌంటర్ మీద పక్కపక్కనే రెండు కార్డులు కనిపించాయి. ఒకటి తనది. రెండోది ఎవరిదో అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

"మీ దగ్గర ఉందా ఇది?" అంది, గొంతు తగ్గించి.

"మూడో వారం సంది సొరుగుల ఉన్నది."

"నాకు అమ్మలేదే?"

"మీరు కొన్నది నాకు చెప్పలేదే?"

శ్రీలేఖకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఎటు చూడాలో తెలియలేదు. తండ్రి ఉన్నాడని కూడా మర్చిపోయి బాలరాజ్ అనేశాడు.

"మీరంటే నాకు ఇష్టం మేడం. షాపుల అబద్ధమాడుడు నాకు చాతకాదు. ఒక్కసారి ఆడిన, నిద్రపట్టలేదు."

"నేను ఆరు వారాలు ఆడాను. హాయిగా నిద్రపట్టింది" అంది శ్రీలేఖ. "మొదటిరోజు నాకు చిన్నది చాలని చెప్పి పంపారు చూడండి, అప్పుడే అనుకున్నాను, ఈ మనిషి దగ్గరికి మళ్లీ రావాలని. వస్తువు బాగుంటే ఎలా వస్తాను చెప్పండి?"

"నంబరిచ్చినరు గదా."

"ఇచ్చాను. మీరు చేయలేదుగా!"

"బిల్లు కోసం ఇచ్చింది మేడం అది..."

శ్రీలేఖ ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. "ఇప్పుడు మీ కోసం ఇస్తున్నాను. అదే నంబరు."

పట్టాభిరామయ్య గట్టిగా దగ్గారు. క్రికెట్ దిగింది. రిమోట్ అందుకుని, ఒక బంతి ఆడి, టీవీ మీంచి కళ్లు తీయకుండా అడిగారు.

"మీ నాన్నగారు చేపలు పడతారటగా? ఆరు వారాలుగా మా ఇంట్లో ఇదే పురాణం. మేం రాజోలు వాళ్లం అబ్బాయ్, చేప సంగతి మాకు చెప్పకు. మీ చెరువులో కొర్రమీను దొరుకుతుందా?"

"దొరుకుతది సార్."

"అయితే వచ్చే ఆదివారం మా ఆవిడ తాయారుని తీసుకుని వస్తాను. మీ నాన్నగారిని ఇంట్లో ఉండమను. ముందు చేప చూస్తాం. తర్వాత మిగతా సంగతులు మాట్లాడదాం." బంతి బౌండరీ దాటింది. "ఆ కార్డు పెట్టవయ్యా. అమ్మాయి కొన్నది పెట్టు. నీది కొక్కేనికి తగిలించు."

బాలరాజ్ సీలు విప్పి కార్డు గుచ్చాడు. తనదాన్ని తీసుకెళ్లి కొక్కేనికి, అందరికీ కనిపించేట్టు తగిలించాడు. సాయంత్రం సోమయ్యకు ముందు ఆ కార్డు సంగతి చెప్పాడు. పెళ్లిమాట తర్వాత చెప్పాడు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం అదే వేళకు బస్సు ఆగింది. శ్రీలేఖ దిగింది. భుజాన బ్యాగు లేదు. రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు బాలరాజ్, అలవాటు కొద్దీ.

"ఏం కాలేదు" అంది శ్రీలేఖ. "టీ చెప్పండి."