ఆకుపచ్చ జాకెట్ లోపలి కుట్టు

ముగ్గురు ఆడవాళ్ళు తొమ్మిది రోజులు నిలబడి దారాలు కత్తిరించారు. దానికి కారణం మా మనవరాలు ఆమని నోరు. ఇందులో అనుమానం ఏమీ లేదు.

ఆమని ఐదో క్లాసు. మేముండేది లాస్‌పేటలో. ఆ ఆదివారం మధ్యాహ్నం అది మంచం మీద రెండు రెయిన్ జాకెట్లు పరుచుకుని కూర్చుంది. స్కూలువాళ్ళు పిల్లల్ని పక్షుల్ని చూడటానికి ఊసుటేరి చెరువుకు తీసుకెళ్తున్నారు. నవంబరు వానలు. జాకెట్ లేనివాళ్ళు రావద్దన్నారు. బజారులో దామోదరన్ తన షాపు నుంచి రెండు కంపెనీలవి ఇచ్చి, ఇంట్లో వేసి చూసి ఒకటి తిరిగి ఇవ్వమన్నాడు.

ఒకటి పచ్చచిలక కంపెనీది. మెరిసే ఆకుపచ్చ. దానికి వేలాడే అట్ట మీద ఒకామె కుట్టు మెషిన్ ముందు నవ్వుతోంది. 'మీరు కొనే ప్రతి జాకెట్‌కూ మేం ఒక మొక్క నాటుతాం. మా దగ్గర కుట్టే ప్రతి ఒక్కరూ సంతోషంగా ఉంటారు' అని రాసుంది.

రెండోది నీటికోడి కంపెనీది. బురద రంగు. దాని అట్ట మీద సైజు, ఎలా ఉతకాలో తప్ప ఏమీ లేదు.

"పచ్చచిలకే తాతా. మంచి కంపెనీ."

"మంచిదని ఎవరన్నారు?"

"ఇక్కడ రాసుంది కదా."

"రాసింది ఎవరు?"

ఆమని అట్ట తిప్పి చూసింది. "వాళ్ళే" అంది.

మా ఆవిడ ఉంటే కుట్టు చూసి చెప్పేది. నాకు కుట్లు తెలియవు. అట్టల మీది మాటలు నమ్మకూడదని మాత్రం తెలుసు.

అప్పుడే పక్కింటి సెంగమలం కరివేపాకు కోసం వచ్చింది. ఆమె ఒక బట్టల యూనిట్‌లో మెషిన్ మీద కుడుతుంది.

"ఇవి రెండూ మా యూనిట్‌వే పాపా. రెండు కంపెనీలకూ మేమే కుడతాం. నా చేతి మీదుగానే పోతాయి."

రెండింటినీ తిరగేసి, కుట్ల మీద వేలు జరిపింది. బురద రంగు దానికి భుజాల కుట్టు పొడుగునా నీళ్ళు దిగకుండా సన్నటి టేపు అతికించి ఉంది. ఆకుపచ్చ దానికి మెడ దగ్గర మాత్రమే ఉంది.

"కొనేవాళ్ళు మెడ కాడ చూస్తారు. అందుకని ఆడ మాత్రం వెయ్యమంటారు. వాన పడేది భుజం మీద కదా."

"మరి ఈ నవ్వే ఆమె ఎవరత్తా?"

"యాడి మనిషో. మా లైన్‌లో అట్ల నవ్వేదాన్ని నేను చూళ్ళేదు."

ఆమని కిసుక్కున నవ్వింది. సెంగమలం గొంతు తగ్గించింది.

"పచ్చచిలకవాళ్ళు తనిఖీకి వచ్చే రోజు మాకు ముందే తెలుస్తుంది. ఆ రోజు ఫ్యాన్లన్నీ తిరుగుతాయి. బాత్రూమ్ తాళం తీస్తారు. వాళ్ళ కారు పోతానే మళ్ళా తాళమే. నీటికోడి కంపెనీ ఆయన చెప్పకుండా వస్తాడు. మేం తాగే కుళాయి కాడికే పోయి నీళ్ళు తాగుతాడు. ఒకసారి బాలేదని గ్లాసు సూపర్‌వైజర్ చేతికిచ్చి, నువ్వూ తాగు అన్నాడు. మరుసటి రోజు ఫిల్టర్ వచ్చింది."

వెళ్తూ ఒక మాట అంది. "ఇది మన ఇంట్లో మాట. బయట అనొద్దు పాపా."

ఆమె వెళ్ళాక నేను అన్నాను. "ఆమె చెప్పిందానికి మాత్రం సాక్ష్యం ఏంది? సూపర్‌వైజర్ మీద కోపం ఉండొచ్చు."

"అత్త అబద్ధం చెప్పదు."

"నిరూపించు చూద్దాం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను.

మరునాడు సాయంత్రం ఆమని నన్ను లాక్కుని షాపుకు వెళ్ళింది. "అంకుల్, పచ్చచిలకవాళ్ళు భుజానికి టేపు ఎందుకు వెయ్యరు? వాళ్ళు పోగానే బాత్రూమ్‌కు తాళం వేస్తారంట, నిజమా? తాతకు చెప్పండి."

దామోదరన్ చేతిలో బట్ట మడవడం ఆపాడు. "ఎవరు చెప్పారు పాపా?"

"మా పక్కింటి అత్త. అక్కడే కుడుతుంది."

"మీ ఇల్లు లాస్‌పేటలో కదా? విచారిస్తాను. శుక్రవారం రండి."

నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు.

లాస్‌పేట నుంచి ఆ యూనిట్‌కు పోయేవాళ్ళు ముగ్గురు. దామోదరన్ నోటి నుంచి మాట అక్కడికి చేరింది. చెప్పింది ఎవరో తెలియక సూపర్‌వైజర్ ముగ్గుర్నీ మెషిన్ల మీద నుంచి లేపి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టాడు. పేరు తెలిస్తే ఒక్కదాన్ని పనిలోంచి తీసేస్తాను, మిగతా ఇద్దరూ పోయి కూర్చోవచ్చు అన్నాడట.

బుధవారం సెంగమలం మా గేటు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. కాళ్ళు వాచి ఉన్నాయి.

"నీకు ఏం చేసినాను పాపా?" అంది. అంతే.

ఆమె వెళ్ళాక ఆమని మెల్లగా అంది. "నేను పేరు చెప్పలేదు కదా తాతా."

"ఇల్లు చెప్పావు. చాలు."

ఆ రోజు అది అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

శుక్రవారం షాపులో దామోదరన్ పక్కన ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. పద్మనాభన్ అట, ఆ యూనిట్ సూపర్‌వైజర్. ఆమనికి కుర్చీ వేయించాడు. బిస్కెట్లు పెట్టాడు.

"తెలివైన పిల్లవి. పచ్చచిలక జాకెట్ నీకు ఊరికే ఇస్తాం. మీ అత్త పేరేంటి? మంచిగా మాట్లాడదామని అడుగుతున్నా."

ఆమని బిస్కెట్ ముట్టలేదు. సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్ తీసింది. భుజాన్ని దోసిలిలా గుంట చేసి పట్టుకుంది. "తాతా, నా బాటిల్‌లో నీళ్ళు పొయ్యి" అంది.

పోశాను. కుట్టు వెంట బొట్టు బొట్టుగా కారి బిస్కెట్ల పళ్ళెంలో పడింది. బురద రంగు దాన్నీ అలాగే పట్టుకుంది. పోసిన నీళ్ళు గుంటలోనే నిలిచాయి.

"ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నేనే చూశాను. నాకు నీటికోడిదే కావాలి."

"అది సరే. పేరు?"

"చెప్పను."

"చెప్పకపోతే మిగతా ఇద్దరికీ కష్టం కదా పాపా."

ఆమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి నిలబడింది. "వాళ్ళను నిలబెట్టింది మీరు" అంది.

నీటికోడి జాకెట్ డబ్బు బల్ల మీద పెట్టి, ఆమని వెనకే నేనూ బయటికి వచ్చాను.

మొదటి రోజే ఇంట్లో చెంబెడు నీళ్ళు పోసి ఉంటే సరిపోయేది. నాకూ తోచలేదు.

పై వారం పెద్ద ఆర్డర్ వచ్చింది. కుట్టేవాళ్ళు చాలక ముగ్గుర్నీ మళ్ళీ మెషిన్ల ముందు కూర్చోబెట్టారు. జాలిపడి కాదు.

చెరువు దగ్గర బాగా వాన పడిందట. కవిప్రియ అనే పిల్ల భుజాలు తడిసి, నీ జాకెట్ మంచిదని ఎవరు చెప్పారని ఆమనిని అడిగిందట. "నీళ్ళు పోసి చూశాను" అని చెప్పి, జాకెట్ తిరగేసి కుట్టు చూపించిందట.

సెంగమలం ఇప్పటికీ కరివేపాకు కోసం మా ఇంటికి రాదు. ఆమని రోజూ పొద్దున రెండు రెమ్మలు తుంచి ఆమె గోడ మీద పెట్టి వస్తుంది. కొన్ని రోజులు ఆ రెమ్మలు అక్కడే ఎండిపోతాయి. కొన్ని రోజులు ఉండవు.

సెంగమలం ఆమె అసలు పేరు కాదు. కంపెనీల పేర్లూ అసలువి కావు. అసలువి ఏమిటని నన్ను అడగొద్దు. ఈ సంగతి నేను ఇంకెప్పుడూ మాట్లాడను.