గంగులు చేలో ఆగని తిరునాళ్ళ

కేదారసీమకు ఆ వేసవిలో వచ్చిన కష్టం ఏమిటో చెబితే ముందు మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. కరువు రాలేదు, శత్రువు దండెత్తి రాలేదు, రాకుమారిని ఏ మాంత్రికుడూ ఎత్తుకుపోలేదు. మొదలైన పాట ఆగలేదు, అంతే. అదీ ఒక కష్టమేనా అని మూతి విరిచేవాళ్ళు ఒక్క పూట ఆగకుండా గెంతి చూడండి, తరువాత మాట్లాడుకుందాం.

ఆ రాజ్యంలో ఏటా జొన్న కోతలు అయిపోయాక, తొలకరి పడేలోపు పొలాల్లో పాటల తిరునాళ్ళ జరిగేది. ఒక్కో ఏడు ఒక్కో రైతు చేను. మోళ్ళు పీకి, నేల చదును చేసి, తాటాకు పందిళ్ళు వేసేవారు. నాలుగు దిక్కుల నుంచీ బండ్లు కట్టుకుని జనం దిగేవారు. ఒక పందిట్లో సన్నాయి, ఒక పందిట్లో తంబుర, ఇంకోచోట డప్పులు. మధ్యలో ముంజలమ్మేవాళ్ళ కేకలు, మజ్జిగ కుండల దగ్గర తోపులాట, బండ్ల కింద గుర్రుపెట్టే ముసలాళ్ళు. పదకొండు రోజులు చెవులకు తీరికుండేది కాదు.

పదకొండో రోజు సాయంత్రం వరహాలమ్మ అనే ముసలామె చేను నడుమకు వచ్చి, హారతి పళ్ళెం పట్టుకుని మంగళం పాడేది. ఆమె తల్లీ, అమ్మమ్మా కూడా అదే పాడారు. ఆ పాటతో తిరునాళ్ళ ముగిసి, నేల మళ్ళీ రైతు చేతికి వచ్చేది. మర్నాటి నుంచి నాగలి కట్టుకోవచ్చు.

ఆ ఏడు వంతు గంగులు అనే రైతుది. గంగులుకు భార్య లేదు. పన్నెండేళ్ళ కూతురు మంకెన ఒక్కతే ఉంది. పదకొండు రోజులూ నీళ్ళు మోసీ, పందిళ్ళు సర్దీ గంగులు సగమయ్యాడు. చివరి సాయంత్రం కూతురితో, "తల్లీ, గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది. ఇంటికి పోదామే" అన్నాడు.

"ఒక్క పాట నాన్నా! ఒక్కటంటే ఒక్కటి!" అని మంకెన తండ్రి చెయ్యి పట్టి మళ్ళీ జనంలోకి లాగింది. కూతురి మాట ఏనాడూ కాదనలేదు గంగులు. ఆ రోజూ కాదనలేదు.

సరిగ్గా అప్పుడే వరహాలమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. రాజు ఉత్సాహవర్మ చెయ్యెత్తి, "ఇంకొక్క పాట!" అన్నాడు. జనం ఈలలు వేశారు. ఆ పాట అయ్యాక ఆమె మళ్ళీ నోరు తెరిచింది. "ఇంకొక్కటి!" అన్నాడు రాజు. పళ్ళెంలో కర్పూరం రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి ఆమె ముందుకు వస్తే, "పక్కకి తప్పుకోవమ్మా! నీ పాట ఏటా వినేదే కదా" అనేశాడు. వరహాలమ్మ పళ్ళెం నేలమీద పెట్టి, కొంగు దులుపుకుని, తూర్పు అడవి దారి పట్టింది.

పొద్దుగూకింది. పాట చివరి చరణానికి వచ్చింది. ముగియాలి కదా? ముగియలేదు. గిర్రున తిరిగి పల్లవికి పోయింది. డోలు వాయించేవాడు చేతులు వెనక్కి లాక్కోబోయాడు, రాలేదు. కూర్చోబోయినవాళ్ళ మోకాళ్ళు వంగలేదు. పదివేల మంది కాళ్ళు వాళ్ళ మాట వినడం మానేసి గెంతడం మొదలుపెట్టాయి. రాజుగారి కిరీటం ఎగిరి ముంజల బుట్టలో పడింది.

మంకెన అప్పటికి గట్టు మీదికెక్కి ఆడుతోంది. కాలు జారి గట్టు అవతల పడింది. అవతల పడ్డ కాళ్ళు గెంతడం మానాయి గాని, ఆగనైతే ఆగలేదు. నడక, నడక, ఒకటే నడక. రాత్రంతా తండ్రి కోసం అరుస్తూ చేను చుట్టూ తిరిగింది.

తెల్లవారాక పక్క ఊరి వైద్యుడు వచ్చి గట్టు బయటనుంచే అందరినీ చూశాడు. బయట ఉన్న గాయకులు తమకు వచ్చిన మంగళాలన్నీ పాడారు. ప్రతి పాటా చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికే పోయింది.

"లాభం లేదు. వరహాలమ్మ మంగళం వింటే తప్ప ఈ నేల ఎవరినీ వదలదు" అన్నాడు వైద్యుడు. తరువాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, మీ నాన్న పెదవులు నీలంగా మారుతున్నాయి. ఎల్లుండి పొద్దుగూకేదాకా ఓర్చుకుంటాడేమో. ఆపైన నేను చెప్పలేను" అన్నాడు.

తూర్పు అడవిలో రాక్షసుడున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు. మంకెన కళ్ళు తుడుచుకుంది. "ఎలాగూ నా కాళ్ళు ఆగవు. ఈ తిరిగేదేదో అటే తిరుగుతాను" అని అడవిలోకి నడిచింది.

అడవి మొదట్లోనే ఒక ముని కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, వరహాలమ్మ ఎటు పోయింది?"

"ముందు కూర్చో. నిలకడ లేనివారికి నేను బదులు చెప్పను" అన్నాడు ముని.

కూర్చోవడమా! మంకెనకు ఏడుపొచ్చింది. ముందుకు పోతే దారి తప్పుతుంది, ఆగుదామంటే కాళ్ళు వినవు. ఏం చేస్తుంది? ఆయన చుట్టూనే తిరగసాగింది. తిరిగింది, తిరిగింది, కళ్ళు తిరిగేదాకా తిరిగింది. ముని ఒక కన్ను తెరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నూట ఎనిమిది ప్రదక్షిణలు! ఔరా! నా తపస్సు మొత్తంలో నాకు ఒక్క ప్రదక్షిణ చేసినవాళ్ళు లేరు" అని మురిసి ముక్కలైపోయాడు. "ఏరు దాటి కొండెక్కు తల్లీ. పైన గుడిసెలో ఉందామె. కొండ కింద గుండోదరుడనే రాక్షసుడుంటాడు, జాగ్రత్త!"

ఏటి నిండా నీళ్ళు. రేవులో తాటి దుంగంత మొసలి అడ్డంగా పడుకుని ఉంది.

"ఆగు పిల్లా, మింగాలి" అంది బద్ధకంగా.

"ఆగలేను మొసలి మామా. కాళ్ళు నా మాట వినడం లేదు. కావలిస్తే నువ్వే లేచి రా."

"లేవగలిగితే నిన్ను అడగడమెందుకే? నడుం పట్టేసి పది రోజులైంది" అని మూలిగింది మొసలి.

"ఓస్, అంతేనా! మా నాన్నకు రోజూ నడుం తొక్కేది నేనే" అంది మంకెన. చటుక్కున మొసలి వీపెక్కి, తోక నుంచి మెడదాకా, మెడ నుంచి తోకదాకా నడిచింది.

"అక్కడే... అక్కడే... ఇంకాస్త కిందకి... అమ్మయ్య!" అంది మొసలి. తొక్కించుకుంటూనే ఈది ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చింది. "తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి తొక్కాలి సుమా!" అని మాట కూడా తీసుకుంది.

మంకెన ఆ రాత్రి కూడా నడుస్తూనే కునుకు తీసింది. చెట్లకు గుద్దుకుని మెలకువ వచ్చేది. మర్నాడు మధ్యాహ్నం కొండ కిందకు చేరేసరికి గుండోదరుడు స్నానం చేసి, విస్తరి వేసుకుని, ఉప్పూ మామిడికాయ ముక్కా నంజుకు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. లటుక్కున మంకెనను పట్టుకుని విస్తట్లో నిలబెట్టాడు. మంకెన విస్తట్లోంచి నడిచి వెళ్ళిపోయింది.

"ఓసి! వడ్డించాక లేచిపోతావేమే!" అని మళ్ళీ పట్టి పెట్టాడు. ఆమె కాలు తగిలి ఉప్పు ఒలికింది. మూడోసారి విస్తరే చిరిగింది.

"నేనేం చెయ్యను? నా కాళ్ళను అడుగు!" అని మంకెన విసుక్కుంది. నిజం చెప్పాలంటే ఆమెకు భయపడే ఓపిక కూడా లేదు.

"విస్తట్లో నిలవని తిండి మా వంశంలో ఎవరూ ముట్టలేదు" అని గుండోదరుడు నెత్తి కొట్టుకున్నాడు. "పో, కొండెక్కి ఎక్కడికి పోతావో పో! నా ఆకలంతా చెడగొట్టావు."

కొండ మీద గుడిసె ముందు వరహాలమ్మ గంజి కాచుకుంటోంది. మంకెన ఆమె పొయ్యి చుట్టూ తిరుగుతూ రొప్పుతూ అంతా చెప్పింది.

"రాను" అంది వరహాలమ్మ. "రాజు అన్నాడని కాదు. రాజులు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. పదివేల మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'ఆ ముసలిదాన్ని పాడనివ్వండి' అన్నారా? మీకు అక్కర్లేని పాట నేనెందుకు పాడాలి?"

ఇప్పటిదాకా కాళ్ళే మంకెనను గట్టెక్కించాయి. ఇక్కడ వాటితో పనేముంది? ఆమె వరహాలమ్మ మెడను రెండు చేతులా వాటేసుకుంది. కాళ్ళు కింద టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి.

"నేనూ అరిచాను మామ్మా. నీ చేతిలో పళ్ళెం చూస్తూనే ఇంకొక్క పాటని అరిచాను. నాన్న ఇంటికి పోదామంటే లాక్కొచ్చింది నేనే. నాన్నకేమన్నా అయితే అది నా వల్లే. నన్ను తిట్టు, కొట్టు, కానీ రా మామ్మా!"

వరహాలమ్మ కిందకి చూసింది. ఆ పిల్ల అరికాళ్ళు చిట్లి నేలమీద నెత్తుటి మరకలు పడుతున్నాయి. ఆమె కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

"పిచ్చి మొహమా, ముందు గంజి తాగు" అంది. "నేను గబగబా నడవలేనే. ఎలా పోదాం?"

"ఆగకుండా నడిచే కాళ్ళు నా దగ్గరున్నాయిగా!" అని మంకెన ఆమెను వీపున ఎత్తుకుంది.

గుండోదరుడు వాళ్ళను చూసి విస్తరి మడిచి దాచుకున్నాడు. మొసలి నడుం తొక్కించుకుని ఏరు దాటించింది. దారి పొడుగునా వరహాలమ్మ వీపు మీదనుంచి మంగళం ఒక్కో ముక్కా చెప్పింది, మంకెన నేర్చుకుంది. మర్నాడు పొద్దు వాలుతున్నకొద్దీ ఆమె నడక పరుగైంది.

గట్టు చేరేసరికి సూర్యుడు పడమటి అంచున ఉన్నాడు. వరహాలమ్మ దిగి, గట్టు బయటే నిలబడి గొంతెత్తింది. ఎవరికి వినిపిస్తుంది? డోళ్ళు, డప్పులు, ఇరవై వేల కాళ్ళ చప్పుడు! ఆ సన్నటి గొంతు మూడు బారలు కూడా పోలేదు.

గట్టు దాటితే తనూ ఇరుక్కుంటానని మంకెనకు తెలుసు. దాటేసింది. గెంతుతూ, తోసుకుంటూ వెళ్ళి తండ్రిని పట్టుకుంది. గంగులు కళ్ళు మూతలు పడుతున్నాయి. జనం భుజాల ఒత్తిడికే నిలబడి ఉన్నాడు. మంకెన అతని చెవిలో మంగళం మొదటి ముక్క పాడింది. గంగులు పెదవులు కదిలాయి. పక్కనున్న ముంజలావిడ విని అందుకుంది. ఆమె పక్కనున్న బండివాడు, అతని పక్కవాడు, వాడి పెళ్ళాం, చివరికి డోలువాడూ! పాట పందిరి నుంచి పందిరికి పాకింది. వాయించేవాళ్ళ చేతులు తమంతట తామే ఆ పాట వెంట నడిచాయి.

చివరి చరణం వచ్చింది. మళ్ళీ పల్లవికి పోతుందా? పదివేల గుండెలు దడదడలాడాయి. వరహాలమ్మ ఆఖరి మాటను మెల్లగా, చాలా మెల్లగా నేలకు దింపింది.

పాట ఆగింది. కాళ్ళు ఆగాయి. దుమ్ము కిందకు దిగింది.

గంగులు ఒరిగిపోయాడు. "నాన్నా!" అని మంకెన అతన్ని ఒళ్ళోకి లాక్కుని చతికిలబడి, ఛాతీకి చెవి ఆనించింది. ఏమీ వినిపించలేదు. తరువాత ఒక చప్పుడు వినిపించింది. గంగులు గుర్రు పెట్టాడు! పదకొండు రోజుల తిరునాళ్ళలో అంత హాయైన చప్పుడు ఆమె వినలేదు. మంకెన ఏడుస్తూ నవ్వింది.

ఉత్సాహవర్మ పాకుతూ వచ్చి వరహాలమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. తరువాత కుంటుకుంటూ లేచి, పాత అలవాటు పోక, చేను దద్దరిల్లేలా అరిచాడు. "ఇక మీదట తిరునాళ్ళ ఎప్పుడు ముగియాలో చేను రైతే చెబుతాడు! ఆ పదకొండు రోజులూ రైతే రాజు! ఈ ఏటికి మంకెనే రాణి! రాణీ, నీ మొదటి ఆజ్ఞ ఏమిటో సెలవియ్యి!"

మంకెన పెదవుల మీద వేలు పెట్టింది.

"కాస్త మెల్లిగా మహారాజా. మా నాన్న నిద్రపోతున్నాడు."

రాజు నాలిక కరుచుకున్నాడు. నడవగలిగినవాళ్ళంతా చెప్పులు చేతబట్టుకుని, మునివేళ్ళ మీద, ఆ చేలోంచి ఇళ్ళకు పోయారు.