ఎర్రంచు వెంట పోయిన నీడ

కోట వాకిట్లో నిలబడి కిందికి చూసిన ఆండాళుకు తన నీడ కనబడలేదు.

మొదట నవ్వొచ్చింది. ఎండ కళ్ళలో కొట్టిందేమో అనుకుని, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మధ్యాహ్నం దాటిన ఎండ వాకిట్లో బండలను కాలుస్తోంది. రాతి స్తంభానికి నీడ ఉంది. బోర్లించిన ఇత్తడి బిందెకు నీడ ఉంది. గోడ మీద వాలిన కాకికి కూడా నీడ ఉంది. తన కాళ్ళ దగ్గర మాత్రం ఒట్టి బండ.

కుడికాలు ఎత్తింది. ఎడమకాలు ఎత్తింది. చెయ్యి చాపి వేళ్ళు ఆడించింది. బండ మీద ఏమీ కదలలేదు.

అంత ఎండలో ఆమెకు చలి పుట్టింది.

ఇది నిజాం ఏలుతున్న కాలం నాటి మాట. కొత్తకోట ఊరు దాటి కృష్ణా నది వైపు పోయే దారిలో, ఒక గుట్ట మీద చిన్న సంస్థానం ఉండేది. ఆ దొరకు ఇద్దరు కవల ఆడపిల్లలు. ముందు పుట్టింది ఆండాళు, వెనక పుట్టింది నాంచారు. కళ్ళు, ముక్కు, నవ్వితే బుగ్గ మీద పడే సొట్ట, అన్నీ ఒకటే. కన్నతల్లి లక్ష్మీనర్సమ్మ దొరసాని కూడా లంగా అంచు చూసే వాళ్ళను గుర్తుపట్టేది. ఆండాళుది ఎర్రంచు. నాంచారుది ఆకుపచ్చంచు. పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచీ అంతే.

ఇవాళ ఆండాళు కట్టుకున్నది ఆకుపచ్చంచు.

కోట కింది వాడలో ఉండే గండయ్య తాత ఏటా వాళ్ళకు కొత్త లంగాలు నేసి తెచ్చేవాడు. కవలల బట్టలను ఒకే మూటగా కట్టి పంపకూడదని నేతవాళ్ళ ఆచారం. నేసినవాడే వచ్చి, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలవాలి. ఆ పేరుగల పిల్ల ‘వచ్చిన’ అని పలికితేనే బట్టను చేతిలో పెట్టాలి. పేరు పిలిచి ఇస్తే బట్ట మనిషిని గుర్తుపెట్టుకుంటుందట.

ఆ పొద్దున గండయ్య వచ్చాడు. ఏళ్ళ తరబడి సన్నపోగులు చూసి చూసి ఆయన కళ్ళు మసకబారాయి. ఆకుపచ్చంచు లంగా తీసి “నాంచారమ్మా” అని పిలిచాడు.

“వచ్చిన” అంది ఆండాళు. ముందుకు నడిచి చేతులు చాపింది.

తర్వాత ఎర్రంచు లంగా తీసి ఆండాళమ్మను పిలిచాడు. నాంచారు నోరు తెరవలేదు. ఆండాళు వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి నెట్టింది. నాంచారు రెండడుగులు తూలి ముందుకు వచ్చింది. గొంతు పోయిందా బిడ్డా అని గండయ్య నవ్వి, పలుకు వినకుండానే లంగా ఆమె చేతుల్లో పెట్టాడు.

ఇది ఒట్టి ఆట అని ఆండాళు ముందే చెల్లెలికి చెప్పింది. కోటకు వచ్చిన మేనత్త శ్యామలమ్మను ఆటపట్టిద్దామని, పొద్దుగూకేలోగా మళ్ళీ లంగాలు మార్చుకుందామని నమ్మించింది. అక్క మాట నాంచారుకు వేదం.

కానీ అది ఆట కాదు. ముందురోజు తలుపు చాటున నిలబడి ఆండాళు ఒక మాట విన్నది. శ్యామలమ్మకు పిల్లలు లేరు. కవలలు పుట్టినప్పుడే పెద్దదాన్ని తనకు పెంచుకోవడానికి ఇమ్మని ఆమె తమ్ముణ్ణి అడిగింది. దొర మాట ఇచ్చాడు. ఆ మాట నిలుపుకునే రోజు వచ్చింది. ఎండ చల్లబడగానే ఎర్రంచు పిల్ల ఆమెతో వెళ్ళిపోవాలి.

కృష్ణ అవతల ఉన్న ఆ ఇల్లు ఆండాళుకు తెలుసు. పెద్ద ఇల్లు, లోపల మనుషులు లేరు. అయినా శ్యామలమ్మ పూటపూటకూ వరసగా విస్తళ్ళు వేయించేది. ఎవరూ పడుకోని మంచాల మీద దుప్పట్లు పరిపించేది. ఖాళీ గదుల్లో దీపాలు పెట్టించేది. ఎవరి కోసమని అడిగితే, వచ్చేవాళ్ళ కోసం అనేది. ఆ మాట అంటూ గుమ్మం వైపు చూసేది. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

ఆ ఇంటికి పోవడం ఆండాళుకు చచ్చినా ఇష్టం లేదు. అందుకే పొద్దున ఆ ‘వచ్చిన’.

ఇప్పుడు నీడ లేదు.

ఆమె లోపలికి పరుగెత్తింది. భోజనాల గదిలో పీటలు వేసి ఉన్నాయి. పనిమనిషి మైసమ్మ వడ్డిస్తోంది. ఆండాళు తన పీట మీద కూర్చుంది. మైసమ్మ అటూ ఇటూ వడ్డించి, ఆమె విస్తరి దాటి వెళ్ళిపోయింది.

“నాంచారేది? పిలువు మైసమ్మా, అన్నం సల్లారుతాంది” అంది తల్లి.

“గీడ్నే ఉన్నట్టుండె దొరసానీ” అని మైసమ్మ చుట్టూ చూసింది. ఆమె చూపు ఆండాళు మీదుగా జారి గోడకు తగిలింది.

“అమ్మా, నేను గిక్కడున్న” అంది ఆండాళు.

తల్లి ఉలిక్కిపడి తల తిప్పింది. దూరాన ఉన్నదాన్ని చూసినట్టు కళ్ళు చికిలించింది. “ఎప్పుడొచ్చినవే?” అని అడిగి, జవాబు వినకుండానే మళ్ళీ శ్యామలమ్మ వైపు తిరిగింది.

ఎదురుగా ఎర్రంచు లంగాలో నాంచారు కూర్చుంది. అన్నం ముట్టలేదు. పొద్దుటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఊరు వదిలిపోతున్న దిగులని అందరూ అనుకున్నారు. శ్యామలమ్మ ఆమె తల నిమిరి, వచ్చినప్పుడల్లా నోరు మూయని పిల్లవు, ఇవాళ ఇంత మెత్తగా అయ్యావేమని మెల్లగా అడిగింది. నాంచారు పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆండాళు చెల్లెలి వెనక గోడను చూసింది. ఖాళీ విస్తరిని వెనక్కి నెట్టింది.

నాంచారు వెనక గోడ మీద రెండు నీడలున్నాయి. ఒకటి తలవంచుకుని ఉంది. రెండోది తల ఎత్తి ఆండాళునే చూస్తోంది.

భోజనాలయ్యాక ఆండాళు చెల్లెల్ని చేయి పట్టుకుని ధాన్యం అర్రలోకి లాక్కుపోయింది. ఎవరికీ చెప్పకుండా లంగాలు మార్చేసుకుంటే సరిపోతుందనుకుంది. నాంచారు లంగా ముడి పట్టుకుని గుంజింది. ముడి రాలేదు. గోళ్ళతో పీకింది. పళ్ళతో లాగింది. గుడ్డ రాయిలా బిగుసుకుంది. నాంచారు కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని అక్క ముఖం వైపు చూసింది. బయట శ్యామలమ్మ పిలిచింది. నాంచారు కాళ్ళు వాటంతట అవే ఆ పిలుపు వైపు నడిచాయి. వెనకే రెండు నీడలూ నడిచాయి.

ఆండాళు వెనక గుమ్మం గుండా గుట్ట దిగి పరుగెత్తింది.

గండయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. తలుపులోంచి వెలుతురు నేల మీద పలకలాగా పడుతోంది. ఆండాళు ఆ వెలుతురుకు అడ్డంగా నిలబడింది. వెలుతురు తగ్గలేదు. పోగుల మధ్య నాడె ఆడించే ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తకుండా నేలనే చూస్తూ ఉండిపోయాడు.

“తాతా, ఎవలదన్న నీడ పోతె ఏం జేస్తరు?” ఆండాళు అడిగింది.

“నీడ యాడికి బోదు బిడ్డా. పేరు ఎటుబోతె గటు బోతది. మా అవ్వ చెప్తుండె. నేనైతె ఎన్నడు సూడలే.” ఆయన నాడెను పక్కన పెట్టాడు. “గిప్పుడు సూస్తున్న.”

“మల్ల రావాల్నంటె?”

“నాకెర్కలే. మా అవ్వ గంతవరకె చెప్పింది.” ఆయన తల ఎత్తి అడిగాడు. “పొద్దుగాల నేను పచ్చంచు ఎవల చేతుల పెట్టిన బిడ్డా?”

ఆండాళు తన గొంతు దాకా వచ్చిన పేరును మింగేసి, గుట్ట పైకి పరుగు తీసింది.

పైకి ఎక్కేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. వాకిట్లో తెరలు కట్టిన కచ్చురం బండి సిద్ధంగా ఉంది. ఎద్దులు మెడలు ఆడిస్తున్నాయి. దొర ఒక పక్కన నిలబడి ఉన్నాడు. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. బండిలో శ్యామలమ్మ పక్కన నాంచారు కూర్చుంది. తెర పక్కకు తొలిగి ఉంది. చీకటి పడితే అమ్మ కొంగు పట్టుకోనిదే నిద్రపోని పిల్ల నాంచారు. ఇప్పుడు ఆ చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఏదో పట్టుకున్నట్టు ముడుచుకుంటున్నాయి, విప్పుకుంటున్నాయి.

ఆండాళు స్తంభం పక్కన ఆగింది.

ఎవరూ ఆమెను చూడలేదు. ఊరుకుంటే చాలు. బండి గుట్ట దిగిపోతుంది. ఆ దీపాల గదులు, ఆ ఖాళీ విస్తళ్ళు కృష్ణ అవతలే ఉండిపోతాయి. తను అమ్మ దగ్గర ఉండిపోవచ్చు. అమ్మ చూపు తన మీద ఆగకపోయినా, ఉండిపోవచ్చు.

బండివాడు పగ్గాలు అందుకున్నాడు.

సాయంత్రపు ఎండకు బండి నీడ వాకిలంతా పరుచుకుంది. అందులో కూర్చున్న పిల్ల నీడ ఒకటి. దాని పక్కనే రెండో నీడ లేచి నిలబడింది. బండి కదులుతుంటే అది ఆండాళు వైపు తిరిగింది. చెయ్యి ఊపలేదు. పిలవలేదు. చూస్తూ నిలబడింది, అంతే. బళ్ళో పేరు పిలిచి, జవాబు కోసం ఆగిన పంతులులాగా.

ఆండాళు స్తంభాన్ని వదిలింది. పరుగున పోయి ఎద్దుల ముందు నిలబడింది.

“బండి ఆపు” అంది.

బండివాడికి ఎవరూ కనబడలేదు. కానీ ఎద్దులు ఆగిపోయాయి.

“అత్తమ్మా, నీ పక్కన ఉన్నది ఆండాళు కాదు. అది నాంచారు. ఆండాళును నేను.”

మాట అంటుండగానే అరికాళ్ళ కింద ఏదో చల్లగా తగిలింది. ఆండాళు కిందికి చూడలేదు. చూస్తే మిగతాది చెప్పలేనని భయపడింది. తల్లి చూసింది. బండ మీదికి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చూపు ఎత్తి, తిన్నగా ఆండాళు ముఖంలోకి చూసింది.

“అక్కా” అంది బండిలోంచి నాంచారు. పొద్దుటి నుంచీ ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

ఏం జరిగిందని శ్యామలమ్మ అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. ఆండాళు బండి చక్రం పట్టుకుని చెప్పసాగింది.

“పొద్దుగాల గండయ్య తాత నాంచారును పిలిస్తే నేను ‘వచ్చిన’ అన్న. తాతకు కండ్లు ఆనవని తెలిసే అన్న. నీ ఇంటికి పోవుడు ఇష్టంలేక, నాకు బదులు దీన్ని తోలియ్యాలనుకున్న. ఆట అని దీనికి అబద్ధం చెప్పిన. దీనికేం తెల్వదు, తాత తప్పు గూడ లేదు. అత్తమ్మా, దీనికి చీకటంటె భయం. నాకు గూడ భయమే. గని నా భయం దీస్కపోయి దీనికి తొడిగిన. గది నాది. దీన్ని దించు, నా ఎర్రంచు నాకియ్యి. నేను వచ్చిన.”