నిలువు లోతు వేశావా?

“మీ తక్కెడ తప్పు చూపిస్తోందండీ,” అన్నాడు మనవాడు వచ్చీ రాగానే. పలకరింపు లేదు, పరిచయం లేదు.

మడ్ ట్యాంకు పక్కన, మడ్ బరువు తూచే తక్కెడ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి తలెత్తి చూసింది. వాన దంచి కొడుతోంది. మనవాడి హెల్మెట్ అంచు నుంచి ధార కారుతోంది.

“తక్కెడ బాగానే ఉంది. ముందు మీ కళ్ళద్దాలు తుడుచుకోండి.”

తుడుచుకుని చూశాడు. తక్కెడ నిజంగానే బాగుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ప్రేమ ఇలా మొదలవుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను గానీ, వీళ్ళది ఇలాగే మొదలైంది.

మనవాడు గ్యాస్ బావులకి ప్రెషర్ లెక్కలు వేసే ఇంజనీరు. ఆ అమ్మాయి మడ్ ఇంజనీరు. బావి తవ్వేటప్పుడు లోపల నింపే చిక్కటి బురదని మడ్ అంటారు. అడుగున రాతిలో ఉన్న గ్యాస్ పైకి ఎగదన్నకుండా అదిమిపెట్టేది ఆ మడ్ బరువే. ఎంత బరువు కావాలో అతను లెక్కగట్టాలి, అంత బరువుగా ఆమె కలపాలి. అతని అంకె తప్పితే, ఆమె ఎంత బాగా కలిపినా దండగే.

ఆ రోజు నుంచి మనవాడు ఏదో ఒక వంకతో ట్యాంకు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు.

“మళ్ళీ వచ్చారా? బరువెంతో పొద్దున్నే చెప్పాను కదా!”

“మీ నోటితో ఇంకోసారి వింటే అంకె మరింత కరెక్టుగా ఉంటుంది.”

“ఈ డైలాగు ఎంతమందికి చెప్పారు?”

“ప్రాక్టీసు లేదండీ. అందుకే ఇంత చెత్తగా వచ్చింది.”

ఆమె మూతి బిగించి నవ్వు ఆపుకోబోయింది. కుదరలేదు. చూస్తుండగానే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది, ‘నువ్వు’ పెళ్ళి దాకా వచ్చింది.

అక్కడ వాళ్ళమ్మ అడ్డం తిరిగింది. “బురద కలిపే పిల్లా నాకు కోడలు?” అని మొహం మాడ్చుకుంది. మనవాడు పట్టు వదల్లేదు. రోజూ ఫోన్‌లో బతిమాలడమే. తన కోసం ఇంతలా పోట్లాడే మనిషి దొరికాడని ఆ అమ్మాయి మురిసిపోయింది.

అప్పుడొచ్చింది వాలు బావి. ఇది నిటారుగా కిందికి దిగదు, పక్కకి వాలుతూ పోతుంది. పైపు పొడవు మూడు వేల మీటర్లు. నిలువుగా కొలిస్తే లోతు రెండు వేల ఏడు వందలే. మడ్ అడుగున ఎంత నొక్కుతుందనేది ఈ నిలువు లోతుని బట్టే ఉంటుంది, పైపు ఎంత పొడుగ్గా పాకినా దానికి పట్టదు. మనవాడికి తెలియని సంగతేం కాదు. కానీ బద్ధకించి పాత నిటారు బావి షీటునే కాపీ చేసుకున్నాడు. నిటారు బావిలో పైపు పొడవూ లోతూ ఒకటే కాబట్టి, ఆ షీటు పైపు పొడవునే లోతుగా తీసుకునేది. ఇక్కడా అదే తీసుకుంది. లోతు ఎక్కువైతే నిలువునా అంత ఎక్కువ మడ్ నిలబడి నొక్కుతుంది, కాబట్టి తేలిక మడ్ చాలంది.

కాంటీన్‌లో టీ తాగుతూ ఆమె అడిగింది.

“నువ్విచ్చిన బరువు మరీ తక్కువనిపిస్తోంది. నిలువు లోతు వేశావా?”

“వేశాను.”

“ఒకసారి చూసి చెప్పు.”

“వేశానన్నానుగా! నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా? సాయంత్రం అమ్మతో మాట్లాడాలి, అసలే ఆ టెన్షన్‌లో చస్తున్నాను.”

అమ్మ మాట రాగానే ఆమె మెత్తబడింది. ఇంకేం అడగలేదు. అతనూ వెళ్ళి చూసుకోలేదు.

మర్నాడు బావి ఎగదన్నింది. ట్యాంకుల్లో మడ్ పొంగింది, సైరన్ మోగింది. డ్రిల్లరు చురుకైనవాడు కాబట్టి వెంటనే బావి నోరు మూసేసి గండం గట్టెక్కించాడు. పరుగెత్తే హడావుడిలో పంపు ఆపరేటరు మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

మీటింగుకి ముందు మనవాడు షీటు తెరిచాడు. మూడు వేలు. లోతు గడిలో పైపు పొడవే ఉంది. మూసేసి, మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాడు.

“మడ్ బరువు ఎందుకు చాల్లేదు?” అన్నాడు మేనేజరు.

మనవాడు గొంతు సవరించుకున్నాడు. “నా లెక్క కరెక్టే సార్. వానకి ట్యాంకుల్లో నీళ్ళు చేరి మడ్ పల్చబడి ఉంటుంది. కలిపేవాళ్ళు చూసుకోవాల్సింది.”

కలిపేవాళ్ళట! ఆ ‘కలిపేవాళ్ళు’ బల్లకి అవతల, సరిగ్గా అతని ఎదురుగా కూర్చుని ఉంది. సిగ్గూ ఎగ్గూ లేని మాట అది. నేనే అక్కడుంటే లాగి ఒకటి ఇచ్చేవాణ్ణి.

ఆమె అరవలేదు. లేచి బోర్డు మీద రెండు అంకెలు రాసింది. మూడు వేలు ఒకటి, రెండు వేల ఏడు వందలు ఒకటి.

“లెక్కలో ఏది వేశారో చెప్పమనండి సార్.”

మేనేజరు షీటు తెరిపించాడు. లోతు గడిలో మూడు వేలు ఉండటం అందరూ చూశారు.

బయట వరండాలో అతను ఆమె వెంటపడ్డాడు.

“భయమేసింది. ఉద్యోగం పోతే అమ్మ అసలు ఒప్పుకోదు. మన పెళ్ళి కోసమే...”

“మన పెళ్ళి కోసం నా ఉద్యోగం పోగొడదామనుకున్నావా?”

“బుద్ధి గడ్డి తింది. ఒప్పుకుంటున్నాను కదా!”

“లెక్క ఎవరైనా తప్పుతారు. ఇంకెవరు చెప్పినా నేను షీటు అడిగి చూసేదాన్ని. నువ్వు చెప్పావని చూడలేదు. అక్కడే ఏడుపొస్తోంది నాకు.” నిజంగానే ఏడుస్తోంది.

అప్పుడు మోగింది అతని ఫోన్. కంగారులో నొక్కేసరికి స్పీకర్ ఆన్ అయింది.

“ఒరేయ్, గెలిచావురా! మీ నాన్నా, పిన్నీ, నేనూ అందరం సరేననుకున్నాం. ఆదివారం నా కోడల్ని తీసుకొచ్చెయ్. పక్కనే ఉందా తల్లి?”

ఇన్నాళ్ళూ ఇద్దరూ ఏ మాట కోసం ఎదురుచూశారో ఆ మాట. ఆమె చేత్తో కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించింది.

“జరిగింది జరిగినట్టు ఆవిడకి చెప్పు. నా మీదకి నెట్టిన సంగతి కూడా. చెప్తే ఆదివారం వస్తాను.”

వట్టినే అనలేదు. వెళ్ళాలనే ఉంది ఆమెకి. ప్రేమ అంత తొందరగా చావదు.

“ఏరా, పలకవేం? వినపడుతోందా?”

మనవాడు ఫోన్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

“అమ్మా... ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు. మళ్ళీ చేస్తాను,” అని కట్ చేశాడు.

ఆమె హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుంది.

“కొత్త బరువు ఎంతో త్వరగా పంపండి. షీటు కూడా పంపండి, నేను చూసుకుంటాను,” అని ట్యాంకుల వైపు వెళ్ళిపోయింది.