రీళ్ళ గదిలో ఒక నిమిషం

సినిమా బడి కింది అంతస్తులో, మెట్లు దిగి ఎడమకి తిరిగితే, నడవా చివర ఒక ఇనప తలుపుంది. లోపల ఒకప్పుడు రీళ్ళు దాచేవాళ్ళట. నిప్పంటుకుంటే పైకి పాకకూడదని గోడలు మూరెడు మందాన కట్టారు. కిటికీ పెట్టలేదు. తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది... లోపలి పిడి ఏనాడో ఊడిపోయింది. దాన్ని బిగిస్తానని వచ్చిన పనివాడు కొలతలు తీసుకుని వెళ్ళాడు, మళ్ళీ మొహం చూపించలేదు. అలాంటివాణ్ణి పనివాడు అనకూడదు, కానీ అనాల్సిన మాట ఇక్కడ రాస్తే బాగుండదు.

ఆ గదికి మంచి పేరు లేదు.

ముసలి రీళ్ళ గుమాస్తా ఒకడు ఇంకా లోపలే ఉన్నాడని ఒకరంటారు. కాదు, ఏదో అగ్గిలో పోయినవాళ్ళని ఇంకొకరంటారు. ఎవరి నోటికి వచ్చింది వాళ్ళు. ఊడ్చే ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఒకరోజు చీపురు ఆ గుమ్మం దగ్గరే వదిలేసి పైకొచ్చేసింది... ఆ తరవాత ఎవరెన్ని చెప్పినా ఆ నడవాలోకి దిగలేదు. కబుర్లు చెప్పేవాళ్ళని నమ్మక్కర్లేదు. నోరు విప్పని మనిషిని చూస్తేనే గుండె జారుతుంది.

ఇదంతా తెలిసే కత్తెరమ్మ తన సినిమా ఆ గదిలో తీసింది.

కత్తెరమ్మంటే ఆ బడిలో అందరికన్నా పెద్ద విద్యార్థి. యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బట్టలు కుట్టి, ఇక చాలని మెషిను మీద గుడ్డ కప్పి, సాయంత్రం తరగతిలో చేరింది. చేరిన రోజున కోడలు, "అత్తయ్యా, సీరియల్లో అత్తగారి వేషం ఉందేమో అడగండి, మీకు ప్రాక్టీసు కూడా అక్కర్లేదు" అంది. ఇల్లంతా నవ్వారు. కత్తెరమ్మ ఆ నవ్వుల్ని ఒక్కొక్కటే మూట కట్టి దాచుకుంది.

చదువు అంతంతమాత్రం. అక్షరాలు కూడబలుక్కోవాలి. కంప్యూటర్లో ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో రంగుని బట్టి, చోటుని బట్టి గుర్తుపెట్టుకుంది. కానీ ఎడిటింగ్‌కి కూర్చుంటే మాత్రం పాతికేళ్ళ పిల్లలొచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడేవాళ్ళు. ఎక్కడ కత్తిరించాలో ఆ చేతికి తెలుసు. మనిషి మాట ముగించాక కాదు... చూపు తిప్పబోతున్నాడనగా, ఆ అరక్షణం ముందు.

సినిమా నాలుగు నిమిషాలే. మాటలు మానేసిన తల్లీకూతుళ్ళు పొరపాటున ఒక గదిలో చిక్కుకుపోతారు — అంతే కథ. మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. తల్లి వేషం వేసినావిడ, కూతురి వేషం వేసినమ్మాయి, కెమెరా అతను, సౌండు పిల్ల, కత్తెరమ్మ — గదిలో ఐదుగురు.

రెండు రోజులు వాళ్ళకి చుక్కలు చూపించింది. దగ్గితే తప్పు, కాలు మార్చుకుంటే తప్పు. పంతొమ్మిదోసారి కూడా "మళ్ళీ" అనేసరికి కూతురి వేషం వేసినమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. ఆ ఏడుపు బాగుందని కత్తెరమ్మ దాన్నే ఉంచుకుంది.

అంతా అయ్యాక సౌండు పిల్ల ఒక మాట అడిగింది. పెద్దమ్మా, అందరం ఒక్క నిమిషం కదలకుండా నిలబడదాం, ఈ గది నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి, పద్ధతి అది, అని. కత్తెరమ్మకి ఒళ్ళు మండింది. కదలొద్దని మొత్తుకున్నప్పుడు కదిలారు, ఇప్పుడు ఏమీ లేనిదాని కోసం కొయ్యల్లా నిలబడతారా, పొండి, అంది. వాళ్ళు పోయారు. పోతూ ఆమె మొహం చూడలేదు. ఆమె కూడా వాళ్ళ మొహాలు చూడలేదు. ఎవరు ముందు మాట్లాడాలో ఆమె దగ్గర లెక్క ఉంది — వాళ్ళే.

ఎడిటింగ్‌కి కూర్చున్నాకగానీ తెలిసిరాలేదు.

కెమెరా అతని దగ్గు తీసేసింది. చెప్పు కిర్రు తీసేసింది. తన సొంత సణుగుడు తీసేసింది. తీసిన చోటల్లా బొక్క పడింది. బొమ్మ నడుస్తూనే ఉంటుంది, చెవి మాత్రం టక్కున మూసుకుపోతుంది... మళ్ళీ టక్కున తెరుచుకుంటుంది. తల్లీకూతుళ్ళ మౌనం కాస్తా చెడిపోయిన యంత్రంలా తయారైంది.

మాస్టారు ఆమెకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న, కానీ పాము చెవులు. విని పెదవి విరిచారు. మౌనమంటే చప్పుడు లేకపోవడం కాదని, ప్రతి గదికీ తనదంటూ ఒక ఊపిరి ఉంటుందని, ఆ బొక్కల కింద దాన్ని పరిస్తేనే అతుకు కనబడదని చెప్పారు.

"వేరే తానులో గుడ్డతో మాసికేస్తే తెలిసిపోదా అమ్మా? ఆ గదికే వెళ్ళండి. మీవాళ్ళనీ తీసుకెళ్ళండి."

మర్నాడు ఉదయం పదింటికి చూస్తామన్నారు. ఇలాగే ఉంటే రెండో ఏడాదికి తీసుకోవడం కుదరదనీ, ఆ మాట చెప్పడం తనకిష్టం లేదనీ అన్నారు.

అంటే మళ్ళీ మెషిను. మళ్ళీ కోడలి నవ్వు.

అన్నిటికన్నా సిగ్గు ఏమిటంటే — మాసికకి ముక్క మిగల్చకుండా ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క చొక్కా కుట్టి ఎరగదు. అలాంటి చెయ్యి ఇలా చేసింది.

మీవాళ్ళని తీసుకెళ్ళండి అన్నారు మాస్టారు. భయపడతాననుకుని తోడు తెచ్చుకోమంటున్నారు కాబోలు అనుకుంది కత్తెరమ్మ. ఆ నలుగురి గడ్డాలు పట్టుకుని బతిమాలడం కన్నా దెయ్యాల గడ్డం పట్టుకోవడం నయం.

రాత్రి పదిన్నరకి వాచ్‌మన్ని వెంటబెట్టుకుని కిందికి దిగింది. తలుపు తెరిచి ఉంచితే నీళ్ళ మోటారు రొద లోపలికొస్తుంది. మూసెయ్యాలి. మూస్తే, బయటినుంచి ఎవరో ఒకరు తియ్యాలి. నడవాలో నిలబడటం తనవల్ల కాదన్నాడు వాచ్‌మన్. మెట్ల దగ్గర కూర్చుంటానని, పది నిమిషాలు చూసి వచ్చి తీస్తానని మాటిచ్చాడు. ఫోను మోగితే రికార్డింగు పాడైపోతుందని ఆమె తన ఫోను కూడా అతని చేతిలోనే పెట్టింది.

తలుపు మూసుకుంది.

అతని అడుగులు వినబడలేదు. పరిగెత్తాడో, నడిచాడో... ఆ గోడల్లోంచి ఏదీ రాదు.

ఒక్క బల్బు. ఖాళీ అరలు. ఎంత కడిగినా పోని పాత రీళ్ళ పులిసిన వాసన. స్టూలు మీద రికార్డరు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎర్ర గుండీ నొక్కి నిలబడింది. ముప్ఫై అంకెలు లెక్కపెట్టేసరికి మోకాలు కటుక్కుమంది. మళ్ళీ మొదలు. ఈసారి కడుపు గుడగుడలాడింది. పరాయివాళ్ళ దగ్గైతే తిట్టేది, సొంత కడుపుని ఏమంటుంది.

ఇంతలో పది నిమిషాలూ అయిపోయాయి.

తలుపు తియ్యలేదు.

ఇంకో ఐదు నిమిషాలు మర్యాదకి ఆగింది. తరవాత తట్టింది. తరవాత బాదింది. ఇనుము ఆ దెబ్బల్ని ముద్దలా మింగేసింది. పిలిస్తే గొంతు పెదాల దగ్గరే ఆగిపోయినట్టుంది — ప్రతిధ్వని కూడా తిరిగి రాలేదు. పిడి ఊడిన చోట వేలు పెట్టి తిప్పింది. గోరు విరిగింది.

సరిగ్గా పదకొండుకి... బల్బు ఆరిపోయింది.

రోజూ ఆ వేళకి పైన మెయిన్ ఆపేస్తారు. లోపల మనిషి ఉందని వాళ్ళకెవరు చెప్పారు గనక.

చీకటంటే మామూలు చీకటి కాదు. కళ్ళు మూసినా అదే, తెరిచినా అదే. గోడ పట్టుకుని నడిచింది — పొడుగు ఏడడుగులు, అడ్డం నాలుగు. మళ్ళీ ఏడు. మళ్ళీ నాలుగు. నాలుగోసారి తిరిగేటప్పుడు అరలు ఇందాకటికన్నా దగ్గరగా తగిలినట్టనిపించి ఆగిపోయింది.

ఎవరికి తెలుసు తనిక్కడ ఉన్నట్టు? ఇంట్లో కోడలు, రాత్రంతా కంప్యూటరు ముందే ఉంటుందిలే అనుకుని పడుకుని ఉంటుంది. ఆ నలుగురిలో ఒక్కరికి ఫోను చేసి ఉన్నా... ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది. చచ్చేముందు కూడా తన తప్పు ఒప్పుకోవడం ఆమెకి అలవాటు లేదు.

రికార్డరు మీద మాత్రం ఎర్రచుక్క వెలుగుతోంది. అది బ్యాటరీ మీద నడుస్తుంది. మైకు చిన్న చప్పుడుని కూడా పెద్దది చేసి వినిపిస్తుంది కదా, నడవాలో అడుగులు తెలుస్తాయేమోనని మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

అడుగులు వినబడలేదు.

గుడ్డ వినబడింది.

ముతక ప్యాంటు గుడ్డ... మోకాలి దగ్గర వంగితే వచ్చే గరగర. ఆ పక్కన గంజి పెట్టిన నూలు చొక్కా. దూరంగా ఎక్కడో, జారిపోయే రకం లైనింగు గుడ్డ సర్రుమని ఒక్కసారి. ముప్ఫై ఎనిమిదేళ్ళు వేళ్ళతోనూ చెవులతోనూ గుడ్డని ఎరిగిన మనిషి. పొరబడదు. తన ఒంటి మీద ఉన్నది ఉతికి ఉతికి మెత్తబడిన పాత గుడ్డ, దానికి చప్పుడే లేదు. పైగా — తను కదలడం లేదు.

హెడ్‌ఫోన్లు తీసింది. ఏమీ లేదు.

పెట్టింది... గరగర. గోడ దగ్గర కాదు. తన భుజం పక్కన.

"ఎవరూ..." అంది.

గుడ్డ ఆగిపోయింది.

వినబడటం కన్నా ఆ ఆగిపోవడమే ఘోరంగా ఉంది. ఆగిందంటే... విన్నట్టే కదా.

వెనక్కి వెనక్కి జరిగి తలుపుకి వీపు ఆనించింది. ఇనుము చలి వెన్నులోకి దిగింది. ముందుకి చెయ్యి చాపే ధైర్యం లేదు, చాపితే ఏం తగులుతుందో. ఎంతసేపలా ఉందో ఆమెకే తెలియదు. భయం ముదిరితే కొందరికి ఏడుపొస్తుంది, కొందరు సోలిపోతారు.

కత్తెరమ్మకి కోపమొచ్చింది.

ఇంత చచ్చీ చెడీ లోపలికొస్తే, ఒక్క నిమిషం కూడా చేతికి రాలేదు. పొద్దున్న పదింటికి మాస్టారికి ఏం వినిపిస్తుంది? చీకట్లోకి మొహం పెట్టి, రెండు రోజులు ఆ నలుగురితో మాట్లాడిన గొంతుతోనే, మెల్లగా అంది —

"ఉంటే ఉన్నారు. ఒక్క నిమిషం మాత్రం కదలకండి."

తడుముకుంటూ వెళ్ళి ఎర్ర గుండీ నొక్కింది. ఊపిరి సన్నగా వదులుతూ లెక్కపెట్టింది. పది... ఇరవై... గరగర లేదు. సర్రుమనడం లేదు. నలభై... యాభై... చెప్పిన మాట ఒక్కసారికే విన్నవాళ్ళని ఆమె జన్మలో చూడలేదు. అరవై అయ్యాక ఇంకో ఐదు కూడా లెక్కపెట్టింది, మిగులు ముక్క కోసం.

"చాలు" అంది.

అని, ఠక్కున హెడ్‌ఫోన్లు తీసేసింది. తెల్లారేదాకా మళ్ళీ వాటిని ముట్టుకోలేదు. తలుపుకి వీపు ఆనించి, మోకాళ్ళు కౌగిలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. మూయకపోయినా ఒకటే. కానీ మూసుకుంది.

ఆరింటికి తలుపు తెరుచుకుంది. వాచ్‌మన్ ఒళ్ళో ఆమె ఫోను పెట్టుకుని మెట్లకి జారగిలపడి, అలాగే నిద్రపోయాడట. అక్కా, కన్నంటుకుపోయిందక్కా, అని చేతులు పట్టుకోబోయాడు. ఆమె ఫోను లాక్కుని మెట్లెక్కింది. ఇది జరిగి రెండేళ్ళు. ఇప్పటికీ అతను పలకరిస్తే ఆమె గోడని చూస్తుంది. చూడాల్సిందే.

ఏడింటికల్లా కంప్యూటరు ముందు కూర్చుని, ఆ నిమిషాన్ని ముక్కలు చేసి బొక్కల కింద పరిచింది. హెడ్‌ఫోన్లు మళ్ళీ తగిలించుకుంది. విన్నది. దగ్గు తీసిన చోట, చెప్పు కిర్రు తీసిన చోట... ఎక్కడా చెవి మూసుకుపోలేదు. తల్లీ కూతురూ నిజంగా మౌనంగా ఉన్నారు.

పదింటికి మాస్టారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నాలుగు నిమిషాలయ్యాయి. మళ్ళీ మొదటినుంచి పెట్టి విన్నారు. తరవాత రెండో ఏడాది జాబితా ముందుకి లాక్కుని అందులో ఆమె పేరు రాశారు.

కత్తెరమ్మ కుర్చీలో మొదటిసారి వెనక్కి వాలింది.

"నాకు నిన్నంతా అదే బెంగ అమ్మా, పంతానికి పోయి ఒక్కరే వెళ్తారేమోనని" అన్నారు మాస్టారు. "ఒక్క మనిషి నిలబడ్డ గది డొల్లగా వినబడుతుంది. ఒంటి మీది బట్టలు గది మోతని తాగేస్తాయి, మనుషుల్ని బట్టి నిశ్శబ్దం మారిపోతుంది. షూటింగులో ఐదుగురున్నారు. రాత్రీ ఐదుగురే ఉన్నారు. అందుకే అతుకు తెలియలేదు."

కత్తెరమ్మ చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

మాస్టారు తెల్ల కాగితం తీశారు. సినిమా చివర పేర్లు వెయ్యాలన్నారు. పాపం రాత్రి పూట వచ్చి నిలబడ్డారు, వాళ్ళ పేర్లు వెయ్యకపోతే ధర్మం కాదన్నారు. అంతలో ఏదో తట్టినట్టు నవ్వారు.

"మీ పాతవాళ్ళు మాత్రం కారు. వాళ్ళు ఇంత నిక్కచ్చిగా నిలబడరు. ఎవరమ్మా ఈ నలుగురూ?"

ఆమె ఆ తెల్ల కాగితం వైపు చూసింది.

"పేర్లు..." అంది, "నేను అడగలేదు మాస్టారూ."